వల తలుపు

మా ఇంటికి గుమ్మం ఒకటే. ఇల్లు కట్టేటప్పుడు పెరటి వైపు ఇంకో తలుపు పెట్టించమని సుబ్బరత్నం అడిగింది. అడవి అంచున ఉన్న ఇల్లు, దొంగకు రెండు దారులెందుకని నేను పెట్టించలేదు. ఆ ఒక్క గుమ్మానికి ఎదురుగా, పదిహేను అడుగుల దూరంలో, పెంటకుప్ప. దాని పక్కన పశువుల కొట్టం. ఇది ఎనభై ఐదు నాటి సంగతి.

మాది మధిర దగ్గర పల్లె. డెబ్బై మూడులో పినపాక దాటి ఈ నేలకు వచ్చాం. మాతోపాటు మావాళ్ళవే ఇంకో నాలుగిళ్ళు వచ్చాయి. పొదలు కొట్టి, మొద్దులు పెకలించి మిరప వేశాం. మాకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పోయారు. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే.

మా వైపు పిల్లనిచ్చేవాళ్ళు వస్తే ముందు చూసేది పెంటకుప్పనే. నా కుప్ప ఆ యేడు ఛాతీ ఎత్తుకు వచ్చింది. మిరప చేనుకు అదే బలం. వైశాఖం దాకా దాన్ని ముట్టుకోకూడదు. ఎండి, మాగి, నల్లబడ్డాక బండ్లకెత్తి చేలో చల్లాలి. ముందే కదిపితే పచ్చి పేడ చేలోకి పోతుంది, చెదలు పడుతుంది. మా నాన్న ఇలాగే చేశాడు. నేనూ ఇలాగే చేశాను.

మా ఇంటికి మైలు దూరంలో, గుట్ట వాలున లంబాడీ తండా ఉంది. వాళ్ళకు పెంటకుప్పలు లేవు. పశువుల్ని ఇళ్ళ దగ్గర కట్టరు. ఒక్కో రోజు ఒక్కో చేలో మంద పెడతారు. పేడ ఎక్కడ పడితే అక్కడే ఎరువు. నేను దాన్ని సోమరితనం అనేవాణ్ణి. నలుగురిలో కూర్చున్నప్పుడు కూడా అనేవాణ్ణి.

ఆ తండాలో దేవ్లా భార్య సోమ్లి పదేళ్ళుగా మా చేలో మిరపకాయ ఏరేది. మిగతా కూలీలు నా భార్యను అమ్మా అనేవాళ్ళు. సోమ్లి అక్కా అనేది. నాకది నచ్చేది కాదు. సుబ్బరత్నానికి నచ్చింది. మధ్యాహ్నం వేళ ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఏవేవో చెప్పుకునేవాళ్ళు. నేను వస్తే మానేసేవాళ్ళు.

మాఘమాసంలో ఒక పొద్దున సుబ్బరత్నం వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఎడ్లకు ఉలవలు ఉడకబెడుతోంది. కొత్తగా కొన్న కోడె పలుపు తెంపుకుని పొయ్యి మీదికి వచ్చింది. దాన్ని మళ్ళించబోతే కాగు ఒరిగింది. మరిగే ఉలవలు, ఉలవ నీళ్ళు ఆమె ఎడమ కాలి మీద పడ్డాయి. తొడ మధ్య నుంచి మడమ దాకా.

నేను చేలో ఉన్నాను. సోమ్లీ చేలోనే ఉంది. కేక ముందు ఆమె విన్నది. నేను వచ్చేసరికి సోమ్లి సుబ్బరత్నం చీరను కొడవలితో చీల్చేసి, కాలి మీద బిందె తరవాత బిందె చన్నీళ్ళు పోస్తోంది. నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయని నేను అరిచాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ నీళ్ళే కొంత కాపాడాయని భద్రాచలం దవాఖానాలో డాక్టరు తర్వాత చెప్పాడు. నేను ఆ మాట సోమ్లికి చెప్పలేదు.

ఇరవై నాలుగు రోజులు దవాఖానాలో ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. పుండు మీద కొత్త చర్మం కప్పుకోవడానికి ఇంకో రెండు నెలలు పడుతుందన్నాడు. గాలి తగలాలి, గట్టిగా చుట్టకూడదు, రోజు విడిచి రోజు కడిగి మందు రాయాలి అన్నాడు. చివర్లో వేలెత్తి చెప్పాడు.

"ఈగ వాలకూడదు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. పురుగు పడితే కాలు పోతుంది. కాలితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను."

కట్టు మార్చడానికి మా ప్రాథమిక వైద్యశాల కాంపౌండరుకు చీటీ రాసిచ్చాడు. ఆ కాంపౌండరు చందూలాల్. సోమ్లి మరిది. తండాలో మొదట సర్కారు జీతం తెచ్చుకున్నవాడు. సైకిలు మీద వచ్చేవాడు, చెప్పులు బయట విడిచేవాడు, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునేవాడు. వాడి పనిలో నాకు తప్పు దొరకలేదు. వెతికాను.

ఫాల్గుణం ఎండలు మొదలయ్యాయి. మిరపకాయ కల్లాల మీద ఎండుతోంది. ఈగలు పుట్టే కాలం.

మొదట గుమ్మానికి గోనెసంచుల పరదా కట్టాను. తడిపితే చల్లగా ఉంటుందనుకున్నాను. తడి గోనె మీద ఈగలు గుంపుగా వాలేవి. మనిషి పరదా తొలగించి లోపలికి అడుగు పెడితే మనిషితోపాటే దూరేవి. వేపాకు పొగ వేశాను. ఈగలు పోయాయి, కానీ సుబ్బరత్నానికి దగ్గు పట్టింది. దగ్గినప్పుడు కాలు కదిలి ఎండిన పొర పగిలేది. పొగ మానేశాను. అసలు తలుపే మూసేస్తే చెమటకు పుండు చెమ్మగిల్లింది. చందూలాల్ తలుపు తెరవమన్నాడు. వెదురు బద్దలు వంచి, దోమతెర కప్పి, కాలి మీద చిన్న పందిరిలాగ చేశాను. మంచం మీద ఆమె కొంచెం జరిగితే తెర కింద సందు పడేది.

ఇంక వేరే దారి లేక గుమ్మంలో పీట వేసుకుని తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా. కల్లం కూలీలకు వదిలేశాను. ముప్పై ఏళ్ళ సంసారంలో పగలంతా ఇంట్లో కూర్చోవడం అదే మొదలు.

"వెనకటికి మహారాణులకు వింజామరలు వీచేవాళ్ళట. నాకు మీరున్నారు," అంది సుబ్బరత్నం. "కాకపోతే మహారాణులను మీలాగ కసురుకునేవాళ్ళు కాదేమో."

నేను కసురుకోలేదన్నాను. మరి ఇప్పుడు కసురుకున్నది ఎవరిని అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వితే కాలు నొప్పి పెట్టి ఆమె ఆపేసింది.

అట్లా తొమ్మిది రోజులు గడిచాయి. ఎన్ని చంపినా రేపటికి అన్నీ ఉండేవి. పదో రోజు చందూలాల్ కట్టు మార్చి, వాకిట్లో చేతులు కడుక్కుంటూ పెంటకుప్ప వైపు చూశాడు.

"పటేలా, ఒక్క మాట చెప్త. కోపానికి రాకు," అన్నాడు. "నువ్వు గుమ్మం కాడ కొడుతున్నవు. పుట్టేది గాడ. గా కుప్ప తీపిచ్చెయ్."

వైశాఖం దాకా తీయడానికి లేదన్నాను.

"వైశాఖం దాకా అక్క కాలు ఆగదు."

"నువ్వు కట్టు కట్టడానికి వచ్చావు. నాకు వ్యవసాయం నేర్పడానికి కాదు," అన్నాను.

వాడు తడి చేతులు జేబురుమాలుకు తుడుచుకుని సైకిలెక్కాడు. ఆ మాటలన్నీ సుబ్బరత్నం లోపలి నుంచి విన్నది. సాయంత్రం అన్నం తినిపిస్తుంటే, పోనీ ఆ కుప్ప కొంచెం దూరం జరిపించకూడదా అని అడిగింది. ఛాతీ ఎత్తు కుప్ప జరిపించడం అంటే ముప్పై బండ్లు. కల్లం మీద కాయ ఉండగా కూలీలు దొరకరు. ఇదంతా చెప్పాను. అన్నీ నిజాలే. అయితే కూలీలు దొరికినా జరిపించేవాణ్ణి కాను. అది మాత్రం చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

దవాఖానాలో ఆపరేషను గదికి సన్న ఇనప వల బిగించిన తలుపు ఉండేది. స్ప్రింగు ఉండి, వదిలితే దానంతట అదే మూసుకునేది. గాలి వస్తుంది, ఈగ రాదు. అలాంటిది చేయించాలని నాకు తోచింది. తోచిన తర్వాత ఇంక దేన్నీ పట్టించుకోలేదు. కొత్తగూడెంలో వల దొరుకుతుంది, మణుగూరులో వడ్రంగులున్నారు. కానీ ఈ వైపు పనివాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. గుమ్మం కొలత తాడుకు ముడులు వేసుకుని మధిర వెళ్ళాను. బస్సులో ఖమ్మం, అక్కడి నుంచి రైలు. వెళ్ళే ముందు గుమ్మం దగ్గర కూర్చోవడానికి సోమ్లిని పెట్టాను. రెండు రోజుల్లో వస్తానన్నాను. టేకు చట్రం కాబట్టి వడ్రంగికి నాలుగు రోజులు పట్టింది. దగ్గరుండి చేయించాను.

మధిరలో మా అక్క పద్మావతమ్మ ఉంది. మరదలిని చూడాలని నాతో బయల్దేరింది. తలుపును గోనె చుట్టి బస్సు మీద వేసుకుని ఇద్దరం ఆరో రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

ఇంటికి తాళం వేసి ఉంది. సుబ్బరత్నం లేదు, మంచం లేదు.

పక్కింటివాళ్ళు చెప్పారు. నేను వెళ్ళిన మర్నాడే సోమ్లి, దేవ్లా, చందూలాల్ ఇంకొకర్ని తోడు తెచ్చుకుని మంచంతో సహా మోసుకుపోయారట. తండాకి. సుబ్బరత్నమే అడిగిందట.

అక్క అరుగు మీద కూలబడింది.

"అన్నం కూడా వాళ్ళింట్లోనే తింటోందా? నారాయణా, ఇంక ఈ ఇంట్లో నేను మంచినీళ్ళు ముట్టేదెట్లా?"

నేను వెంటనే తండాకు వెళ్ళలేదు. తలుపు బిగించడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రం, మర్నాడు మధ్యాహ్నం దాకా అదే పని. చట్రానికీ గోడకీ మధ్య సన్న సందు కూడా లేకుండా సున్నం కూరాను. స్ప్రింగు మూడుసార్లు మార్చాను. అంతా సరిపోయాక, మావాళ్ళు నలుగురిని వెంటబెట్టుకుని తండాకు నడిచాను.

సోమ్లి ఇల్లు మట్టి గోడల ఇల్లు. గుమ్మం పొట్టిది, బాగా వంగితే గానీ దూరలేం. లోపల ఎర్రమట్టి అలికిన నేల, చల్లగా, మసగ్గా ఉంది. సుబ్బరత్నం మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నెలన్నర తర్వాత ఆమెను కూర్చుని ఉండగా చూడటం అదే. జడ వేసి ఉంది. కాలి మీద పలచటి గుడ్డ మాత్రం కప్పి ఉంది. కొట్టడానికి పక్కన తువ్వాలు లేదు, విసనకర్ర లేదు.

"ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఈగ వాలలేదండీ," అంది. గుడ్డ తొలగించి చూపించింది.

పుండు ఎర్రగా, పొడిగా ఉంది. అంచుల్లో కాగిన పాల మీద మీగడ కట్టినట్టు లేత చర్మం కట్టింది. చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పను.

"పద ఇంటికి. తలుపు పెట్టించాను," అన్నాను.

"ఇంకో పదిహేను రోజులుండి వస్తాను. ఇది మూసుకోనివ్వండి."

"తలుపు ఎవరి కోసం చేయించాను?"

"తలుపు ఎక్కడికీ పోదు కదా," అంది మెల్లగా.

సోమ్లి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. పొద్దున, సాయంత్రం నువ్వే వచ్చి చూసుకోమంది. నీ అన్నం కూడా పంపిస్తానంది. కాలు మానాక నువ్వే మోసుకుపో, నేను అడ్డం రానంది. ఇవన్నీ నెమ్మదిగానే చెప్పింది.

మా ఇంటి ఆడది తండాలో పడి ఉందని మధిర దాకా మాట పోయిందన్నాను. అది అబద్ధం. మధిరలో ఎవరికీ తెలియదు. తెలిసింది అక్కకొక్కదానికే, అదీ ముందురోజే.

"మాట పోతే పోయింది పటేలా. ఈడ ఈగల్లెవ్వు, నీ ఇంటి కాడ ఉన్నయి. గంతే ముచ్చట," అంది సోమ్లి.

ఆమె వండింది మావాళ్ళు తినకూడదన్నాను. సోమ్లి నా మొహంలోకి చూసింది.

"పదేండ్ల సంది నీ మిరపకాయ ఏరింది ఈ చేతులే. గా కారం మీరందరు తింటలేరా?"

నా వెనక నిలబడ్డ మావాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే లేకపోతే నేనింకో మాట ఆలోచించేవాణ్ణేమో. నలుగురినీ మంచం ఎత్తమన్నాను. సుబ్బరత్నం ఒద్దనలేదు. సోమ్లి చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. దారి పొడుగునా కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుంది. ఎండకనుకున్నాను.

వల తలుపు చూడటానికి మా నాలుగిళ్ళవాళ్ళే కాక పై ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. రోగిని చూడటానికనే పేరు. బత్తాయిలు, బిస్కెట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. మావాళ్ళలో మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి రాకపోతే ఏళ్ళ తరబడి అది మాటకు వస్తుంది. వచ్చినవాళ్ళను గుమ్మంలోంచి పంపేస్తే అదీ మాటకు వస్తుంది. అక్క తలుపు తెరిచి పట్టుకుని, ఇది మధిర టేకని చెప్పి, వదిలి, స్ప్రింగు ఎట్లా లాగుతుందో చూపించేది. మళ్ళీ తెరిచేది. పోయేవాళ్ళు గుమ్మంలో నిలబడే అరగంట మాట్లాడేవాళ్ళు, ఒక చేత్తో తలుపు పట్టుకుని.

సోమ్లి రెండో రోజు వచ్చింది. తలుపు తీసినప్పుడల్లా ఈగ దూరుతుంది, ఊరికే రావద్దని చెప్పాను. బయటి నుంచే వెళ్ళిపోయింది.

నేను గుమ్మంలో పీట తీసేశాను. తలుపు ఉంది కదా. కల్లానికి పోయాను. కాయ గ్రేడు చేయించాలి, తొక్కించాలి, బస్తాలకెత్తించాలి.

ఆ వారం చందూలాల్ రాలేదు. కుటుంబ నియంత్రణ క్యాంపు అని వాణ్ణి కొత్తగూడెం పంపారు. పోయే ముందు వచ్చి, రోజు విడిచి రోజు దవాఖానాకైనా తీసుకుపొమ్మన్నాడు. నలభై మైళ్ళు. మందు అక్క రాసింది. అక్కకు చూపు ఆనదు. పుండు చూస్తే కళ్ళు తిరుగుతాయని మొహం పక్కకు పెట్టి రాసేది.

"లోపల ఏదో కదులుతున్నట్టుంది," అంది సుబ్బరత్నం ఒకరోజు అన్నం దగ్గర.

మానే పుండు దురద పెడుతుందన్నాను.

మర్నాడు మళ్ళీ అంది. అదే చెప్పాను. ఆ మర్నాడు నేను కల్లం నుంచి వచ్చేసరికి అలిసిపోయి ఉన్నాను. అదే మాట మూడోసారి అంది. ప్రతి చిన్నదానికీ బెంబేలు పడటం తండాలో నేర్చుకున్నావా అన్నాను. తర్వాత అనలేదు.

చందూలాల్ ఎనిమిదో రోజు వచ్చాడు. గుడ్డ విప్పాడు. వంగి చూసి, సంచిలోంచి టార్చిలైటు తీసి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పింగాణీ గిన్నెలో వేశాడు. తెల్లవి, బియ్యపు గింజలంత. పన్నెండు దాకా పైకి లెక్కపెట్టి మానేశాడు. తర్వాత కూడా చాలాసేపు తీశాడు. సుబ్బరత్నం గోడ వైపు చూస్తూ పడుకుంది. నొప్పికి ఒక్కసారి కూడా మూలగలేదు.

"మూడు రోజుల నుంచి చెబుతూనే ఉన్నాను, చందూలాల్," అంది.

వాడు కట్టు వేసి లేచి నిలబడ్డాడు.

"పటేలా, బయటికి పొయ్యి నీ తలుపు చూడు," అన్నాడు.

బయటికి వెళ్ళి చూశాను. మిట్ట మధ్యాహ్నం. వల నల్లగా ఉంది. ఈగలు వలకు లోపలి వైపు పట్టి ఉన్నాయి, కింది నుంచి పై దాకా. వెలుతురులోకి వద్దామని చూస్తున్నాయి. మనుషులు తలుపు తీసినప్పుడల్లా లోపలికి పోయినవి అన్నీ అక్కడే ఉన్నాయి. గోనె పరదా ఉన్న రోజుల్లో వచ్చేవి వచ్చేవి, పోయేవి పోయేవి. నా తలుపు ఒక్కదాన్ని కూడా పోనివ్వలేదు. ఇంట్లో అవి వాలడానికి ఉన్నది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రమే పాల వ్యానులో భద్రాచలం తీసుకుపోయాను. ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు ఇంజెక్షన్లు వేశాడు, సెలైను పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నాలుగో రోజు వరండాలోకి పిలిచి, విషం రక్తంలోకి పాకింది, ఇప్పుడు కాలు తీసినా లాభం లేదన్నాడు. సుబ్బరత్నానికి నేను చెప్పలేదు. ఆమెకు తెలుసు. ఇంటికి పోదామంది.

ఇంటికి తీసుకొచ్చిన రోజునే పెంటకుప్ప ఎత్తించడం మొదలుపెట్టాను. అడిగినంత కూలి ఇస్తానంటే మనుషులు దొరికారు. అప్పుడే దొరికారని రాయడానికి నాకు చేతులు రావడం లేదు, కానీ దొరికారు. పారలు పడేసరికి కుప్ప కడుపు తెరుచుకుంది. లోపల పచ్చిగా, వేడిగా ఉంది. ఇన్నాళ్ళూ దాంట్లో ఉన్న ఈగలన్నీ ఒక్కసారిగా లేచాయి. లేచి నేరుగా గుమ్మం మీదికే వచ్చాయి. వలకు ఇప్పుడు రెండు వైపులా ఈగలే.

"ఆ తలుపు తీసెయ్యండి. లోపలివాటినైనా పోనివ్వండి," అంది సుబ్బరత్నం.

తీస్తే బయటివి వస్తాయన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే సోమ్లి వచ్చింది. నేను ఊరికే రావద్దన్నాను కదా. లోపలికి రాలేదు. వల తలుపు బయట, గడప పక్కన నేల మీద కూర్చుంది. పైట కొంగు చేత్తో పట్టుకుని వల మీద వాలేవాటిని తోలడం మొదలుపెట్టింది. విసుక్కోకుండా, తొందరపడకుండా. లోపలి నుంచి ఆమె కనిపించేలా మంచం జరపమని సుబ్బరత్నం అక్కను అడిగింది. అక్క నా వైపు చూసింది. నేనే జరిపాను.

లోపలికి రా అని నేను సోమ్లితో అనాలి. అంతసేపూ ఆ మాట నా నోట్లోనే ఉంది. కుప్ప దగ్గర మనుషులున్నారు, పక్కింటివాళ్ళు చూస్తున్నారు, అక్క గుమ్మం లోపలే పీట మీద ఉంది. నేను కుప్ప దగ్గరికి పోయాను.

పొద్దంతా ఇద్దరూ వలకు అటూ ఇటూ మాట్లాడుకున్నారు. ఎక్కువ మాట్లాడింది సుబ్బరత్నం. గొంతు బాగా తగ్గిపోయింది, సోమ్లి వలకు చెవి ఆనించి వినేది. ఒకసారి సోమ్లి నవ్వింది. ఒకసారి పైట అంచుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఈగలు తోలింది. నేను మంచినీళ్ళకని దగ్గరికి వస్తే ఇద్దరూ ఆపేశారు, చేనుగట్టు మీద ఆపినట్టే. అక్కను అడిగితే మాటలు తనకు సరిగా వినపడలేదంది.

మూడు గంటల వేళకు సుబ్బరత్నం పోయింది. నాకు చెప్పింది సోమ్లే. పరుగెత్తలేదు, అరవలేదు. పారలు పడుతున్న చోటికి నడిచి వచ్చి నిలబడింది.

"అక్క పోయింది. ఇగ తలుపు తియ్," అంది.

పదకొండో రోజు అయ్యాక తండాకు వెళ్ళాను. నా భార్య ఆ రోజు ఏమి చెప్పిందని సోమ్లిని అడిగాను.

"నాకు చెప్పింది పటేలా. నీకు చెప్పేదుంటే నువ్వు ఆడనే ఉంటివి కదా," అంది.

నన్నేమైనా తిట్టిందా అన్నాను. తల అడ్డంగా ఊపింది. పోనీ నా సంగతి ఏమైనా అందా అన్నాను. సోమ్లి చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత సోమ్లి మా చేనికి రాలేదు. తండా నుంచి ఎవరూ రాలేదు. నేను పిలవలేదు. అక్క మధిర వెళ్ళిపోయింది. ఆమె ఉత్తరాలకు నేను జవాబు రాయను. తలుపు తెరిచి పట్టుకుని నిలబడినందుకు ఆమెను క్షమించను. ఆ రోజు తండాలో నా వెనక నవ్విన మనిషితో ఇప్పటికీ మాట్లాడను. డాక్టరు చెప్పింది విన్నది నేను, లేత చర్మం కళ్ళతో చూసింది నేను, మంచం ఎత్తించింది నేను. నన్ను కూడా వదలను.

మిరపకాయ కోతకు వచ్చినప్పుడల్లా తండాకు పోయి అదే అడిగేవాణ్ణి. ఏమి చెప్పింది. ప్రతిసారీ సోమ్లి చేస్తున్న పని ఆపకుండా వినేది, చెప్పేది కాదు. ఐదేళ్ళు అడిగాను. తొంభైలో సోమ్లి కూడా జ్వరమొచ్చి పోయింది. చందూలాల్ వచ్చి చెప్పాడు. వదిన నీకేమైనా చెప్పిందా అని వాణ్ణి అడిగాను. ఏ సంగతి పటేలా అన్నాడు.

వాడికి తెలియదు. ఇంక అడగడానికి ఎవరూ లేరు.